మమ అనిపించే తనిఖీ

ప్రభుత్వ శాఖ ఏదైనా కొత్త వెబ్‌సైట్‌ను జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) సర్వర్ల మీద పెట్టాలంటే ముందుగా భద్రతా ఆడిట్ జరగాలి. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ జాబితాలోని సంస్థ ఒకటి దాన్ని పరీక్షించి, ఇక పెట్టుకోవచ్చని ధ్రువపత్రం ఇవ్వాలి. నిబంధన మంచిదే, అమలు తీరే సిగ్గుచేటు. టెండరు పిలుస్తారు. అందరికన్నా తక్కువ ధర వేసిన ఎల్‌1కు పని దక్కుతుంది. ఆ ధరకు అనుభవమున్న మనిషిని రెండు రోజులు కూర్చోబెట్టినా గిట్టదు. అందుకని ఆర్నెల్ల కిందట చేరిన కుర్రాడు లోపాలు వెతికే స్కానర్‌లో వెబ్‌సైట్ చిరునామా కొట్టి, మీట నొక్కి ఇంటికెళ్తాడు. తెల్లారేసరికి వంద పైచిలుకు పేజీల పీడీఎఫ్ తయారు. దానికి కంపెనీ లోగో తగిలించి, ఎరుపు, నారింజ, పసుపు రంగుల చార్టు ముందు పేజీలో పెట్టి పంపితే, శాఖ వాళ్లు ఎరుపు గడులు మాయమయ్యేదాకా ఏవో సవరణలు చేసి తిప్పి పంపుతారు. మళ్లీ స్కాన్, ఆపై ధ్రువపత్రం, ఆపై బిల్లు. ఆ అప్లికేషన్‌ను స్వయంగా వాడి చూసిన మనిషి ఈ మొత్తం తంతులో ఒక్కరూ ఉండకపోవచ్చు.

అన్ని సంస్థలూ ఇలాగే చేస్తున్నాయని అనలేం. నిజాయితీగా పరీక్షించే బృందాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఇలాంటి టెండర్లలో నెగ్గలేనిదీ వాళ్లే. పనిని యంత్రానికి అప్పగించడం వల్ల మిగిలిన డబ్బు, సమయం ఎటు పోయాయన్నది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. పరీక్ష లోతు పెరగలేదు. ఈ రంగంలో కొత్తగా అడుగుపెట్టే పిల్లలకు పని నేర్పడానికీ అది ఖర్చు కాలేదు. రెండూ ఎగ్గొట్టి, మిగిలింది లాభంగా రాసుకున్నారు. ఇందులో కంపెనీలు ఎంత బాధ్యులో, చదవకుండా సంతకాలు పెట్టే శాఖలూ బ్యాంకులూ అంతే బాధ్యులు.

యంత్రంతో లోపాలు వెతకడం నిన్నమొన్నటి సంగతి కాదు. 1995లో డాన్ ఫార్మర్, వీట్సె వెనెమా ‘సాటన్’ అనే స్కానర్‌ను ఉచితంగా విడుదల చేసినప్పుడు దొంగల చేతికి తాళంచెవులు ఇచ్చారంటూ అమెరికాలో గగ్గోలు పుట్టింది. ఆ తర్వాత ఇలాంటి పరికరాలు వరసకట్టాయి: 1997లో ఎన్‌మ్యాప్, 1998లో నెసస్, 2003లో మెటాస్ప్లాయిట్ వచ్చాయి. నెసస్ మొదలుపెట్టేనాటికి దాని సృష్టికర్త రెనో డెరైసన్‌కు పదిహేడేళ్లు. మూడేళ్ల అనుభవం లేనిదే రెజ్యూమె తెరవని నేటి కంపెనీల్లో ఆ కుర్రాడికి ఇంటర్వ్యూ పిలుపు కూడా వచ్చేది కాదు!

ఈ ముప్పై ఏళ్లలో స్కానర్లు మనుషుల పొట్ట కొట్టలేదు. పైగా మనుషుల్ని తయారుచేశాయి. స్కానర్ చెప్పిందల్లా నిజం కాదు కాబట్టి దాని ఫలితాలను ఒక్కొక్కటిగా సరిచూసే పని కొత్తవాళ్లకు అప్పగించేవారు. ఫలానా సర్వర్‌లో అపాచీ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఉంది, ప్రమాదం అని స్కానర్ అరుస్తుంది. కొత్తగా చేరిన అమ్మాయి లోపలికి వెళ్లి చూస్తే అది రెడ్‌హ్యాట్ కంపెనీ లైనక్స్ మీద నడిచే సర్వర్. రెడ్‌హ్యాట్ వాళ్లు వెర్షన్ నంబరు మార్చకుండానే భద్రతా సవరణలను పాత దానిలోకే ఎక్కిస్తారు. అంటే స్కానర్ బోర్డు చదివి కేక వేసింది తప్ప గదిలోకి తొంగిచూడలేదు. ఆ సంగతి పట్టుకోవడానికి ఆ అమ్మాయికి ఒక పూట పట్టి ఉండవచ్చు. కానీ ఆ పూటలో ఆమె ప్యాకేజీలు ఎలా తయారవుతాయో, సవరణలు ఎలా చేరతాయో, ఒక లోపం నిజంగా వాడుకోదగ్గదా కాదా అని ఎలా తేల్చాలో నేర్చుకుంది. ఈ వృత్తిలో పేరున్న సీనియర్లలో చాలామంది ఈ బడిలో చదివినవాళ్లే. విసుగు పుట్టించే పనే, కాదనం. తప్పుడు హెచ్చరికలను ఏరిపారేసే ఆ చాకిరీలోనే వాళ్ల కన్ను తేరింది.

ఇప్పుడు ఆ చాకిరీని కూడా యంత్రం చేస్తానంటోంది. చేయగలదు కూడా. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా రెండేళ్లపాటు నడిపిన కృత్రిమ మేధ సైబర్ పోటీ 2025 ఆగస్టులో లాస్‌ వెగాస్‌లో ముగిసింది. తుది విడతలో యంత్రాలు 5.4 కోట్ల లైన్ల కోడ్‌ను జల్లెడపట్టి, నిర్వాహకులు కావాలని దాచిన లోపాల్లో 54 పట్టుకున్నాయి, 43 వాటంతటవే సరిచేశాయి. ఎవరూ పెట్టని అసలైన లోపాలు మరో 18 బయటపడ్డాయి. ఒక్కో పనికి సగటు ఖర్చు 152 డాలర్లు. అదే ఏడాది ‘ఎక్స్‌బో’ అనే స్వయంచాలక పరికరం హ్యాకర్‌వన్ వేదిక అమెరికా పట్టికలో మనుషులను దాటి మొదటి స్థానానికి ఎక్కింది. దాని నివేదికలను కూడా పంపేముందు మనుషులే సరిచూశారన్న సంగతి ఆ వార్త విన్న చాలామంది చెవిన పడలేదు.

ఇంకో కథ చూడండి. ప్రపంచంలో దాదాపు ప్రతి ఫోన్‌లో, కారులో, టీవీలో ఉండే కర్ల్ అనే సాఫ్ట్‌వేర్‌ను స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ నిర్వహిస్తున్నారు. లోపం చూపినవారికి బహుమతి ఇచ్చే పథకాన్ని 2019 నుంచి నడిపి, 2026 జనవరి నెలాఖరుకు మూసేశారు. కారణం, కృత్రిమ మేధతో అల్లించిన నకిలీ నివేదికల వరద. లేని ఫంక్షన్‌లో లేని లోపాన్ని గడగడా వర్ణించి డబ్బు అడిగేవాళ్ల లేఖలు చదవడానికే ఆ చిన్న బృందం పొద్దు గడిచిపోయింది. అయితే అదే స్టెన్‌బర్గ్‌కు 2025 సెప్టెంబరులో ఒక అనుభవజ్ఞుడైన పరిశోధకుడు కృత్రిమ మేధ పరికరాలతోనే వెతికిన లోపాల జాబితా పంపితే, అందులో పదులకొద్దీ నిజమైనవే తేలాయి. స్టెన్‌బర్గ్ బహిరంగంగా మెచ్చుకున్నారు కూడా. రెండుచోట్లా యంత్రం ఉంది. తేడా వచ్చిందల్లా దాని వెనక కూర్చున్న మనిషి దగ్గర. ఆ రెండో మనిషిని తయారుచేసే దారిని మూసేస్తూ, మొదటి రకం మనుషుల మీద విసుక్కోవడం ఏ తీరు న్యాయం?

మన ఆడిట్లలో కొరవడేదేమిటో తెలియాలంటే పెద్ద సాంకేతిక పరిజ్ఞానమేమీ అక్కర్లేదు. ఒక విద్యార్థి తన లాగిన్‌తో మార్కుల మెమో తెరిచాడనుకుందాం. చిరునామా చివర 1041 అని ఉంది. దాన్ని 1042 చేసి ఎంటర్ కొడితే పక్కవాడి మెమో వచ్చింది. స్కానర్ దృష్టిలో ఇక్కడ తప్పేమీ జరగలేదు. అడిగిన పేజీ వచ్చింది, సర్వర్ సక్రమంగా జవాబిచ్చింది. ఆ మెమో అతనిది కాదన్న సంగతి ఆ వ్యవస్థ ఎవరి కోసం, ఏ హక్కులతో నడుస్తోందో తెలిసిన మనిషికే తడుతుంది. కొత్త ఏఐ పరికరాలు కొంతవరకు దీన్ని పట్టగలవు. కానీ వాటికి రెండు మూడు లాగిన్లు ఇచ్చి, ఎవరు ఏది చూడవచ్చో ముందుగా ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పేవాడు ఎల్‌1 ధరలో ఇమడడు. వెబ్ భద్రతా లోపాలకు ఓవాస్ప్ సంస్థ ఇచ్చే పట్టికలో ఈ కోవ లోపం 2017లో అయిదో స్థానంలో ఉండేది, 2021లో మొదటి స్థానానికి ఎక్కింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో 161 సేవలతో ‘మన మిత్ర’ పేరిట వాట్సాప్ పాలన మొదలుపెట్టింది. తెలంగాణ భూముల రికార్డులు ధరణి నుంచి భూభారతికి మారాయి. పింఛను, పట్టా, కులధ్రువీకరణ, కరెంటు బిల్లు అన్నీ ఫోన్‌లోకి వస్తున్నాయి. రావడం మంచిదే, జనానికి ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతోంది. కానీ ఒకరి సర్వే నంబరు బదులు మరొకరిది కొడితే ఏమవుతుందో కూర్చుని ప్రయత్నించి చూసినవారెవరు, ఎన్ని గంటలు చూశారు? ఈ ప్రశ్నకు జవాబు పౌరుడికి దొరికే చోట లేదు. సెర్ట్‌-ఇన్ 2025 జులై మార్గదర్శకాలు ఏడాదికి కనీసం ఒక ఆడిట్ తప్పనిసరి అన్నాయి. తూతూమంత్రం ఏటేటా చదివితే ఫలితం మారదు.

ఇలాంటి నిర్లక్ష్యం ధర ఎంతో హైదరాబాద్‌కు తెలుసు. 2022 జనవరిలో ఏపీ మహేష్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు వారాంతంలో మాయమయ్యాయి. ఉద్యోగులకు వచ్చిన నకిలీ ఈమెయిళ్లను తెరవడంతో నెలల ముందే దొంగలు లోపలికి చేరారు. సర్వాధికారాలుండే సూపర్ యూజర్ ఖాతాలు పది దాకా ఉన్నాయని, కొన్నింటికి ఒకే పాస్‌వర్డ్ ఉందని, నెట్‌వర్క్‌ను విభాగాలుగా వేరుచేయలేదని నగర పోలీసులు తేల్చారు. వీటిలో ఏదీ మహామేధావి మాత్రమే కనిపెట్టగల లోపం కాదు. ఆరు నెలలు సరిగా శిక్షణ పొందిన కుర్రాడికి ఖాతాల జాబితా ఇచ్చి, ఎవరికి ఏ అధికారం ఎందుకుందో అడిగి రమ్మంటే మొదటి వారంలోనే పట్టుకునేవాడు. ఏడాదిన్నర తర్వాత, 2023లో, రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. నెలకు పాతికవేల చొప్పున లెక్కేస్తే ఆ జరిమానా సొమ్ముతో ఇరవైమందికి పైగా ట్రైనీలను ఏడాదిపాటు పోషించవచ్చు. పోయిన 12 కోట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మనుషులు దొరకడం లేదన్న ఏడుపు మాత్రం పరిశ్రమ మానదు. ఐఎస్‌సీ2 సంస్థ 2024 అధ్యయనం ప్రపంచవ్యాప్తంగా దాదాపు 48 లక్షల మంది భద్రతా నిపుణుల కొరత ఉందని లెక్కగట్టింది. అదే అధ్యయనంలో, తమ బృందాల్లో ప్రవేశస్థాయి ఉద్యోగి ఒక్కరూ లేరని 31 శాతం మంది చెప్పారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే కొరత ఎవరు పెంచి పోషిస్తున్నారో తెలిసిపోతుంది. నారు పోయకుండా కోతకు కొడవలి పట్టుకొచ్చినవాళ్లు పంట లేదని రైతునే తిడుతున్నారు.

ఉద్యోగ ప్రకటనలు చూడండి. పైన ‘ఫ్రెషర్స్’ అని ఉంటుంది, కింద రెండు నుంచి మూడేళ్ల అనుభవం, ఓఎస్‌సీపీ ఉంటే ప్రాధాన్యం అని ఉంటుంది. హ్యాకింగ్ నైపుణ్యానికి ధ్రువపత్రమిచ్చే ఆ ఓఎస్‌సీపీ పరీక్షకు లక్ష రూపాయలు దాటుతుంది. తండ్రి రెండెకరాల మిర్చి రైతయితే ఆ పిల్లవాడు ఆ ఫీజు ఎక్కడినుంచి తెస్తాడు? తేలేనివాళ్ల కోసం హైదరాబాద్ అమీర్‌పేటలో ఇంకో దారి ఎప్పటినుంచో ఉంది. మూడు నెలల కోర్సు, ఆపైన ఎప్పుడూ పనిచేయని కంపెనీ పేరుతో అనుభవ పత్రం, ఇంటర్వ్యూలో తెర వెనక నుంచి జవాబులందించే ప్రాక్సీ. దీన్ని సమర్థించం. చేసినవాళ్లు పట్టుబడుతున్నారు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారు, జీవితాంతం భయపడుతున్నారు. కానీ నమ్మకమే పెట్టుబడిగా ఉన్న రంగంలో మొదటి అడుగే ఫోర్జరీతో వేయాల్సి వచ్చే పరిస్థితి ఎవరు తెచ్చారు? మూడేళ్ల అనుభవం ఉంటేనే మొదటి ఉద్యోగం అన్న షరతు రాసిన హెచ్‌ఆర్ మేనేజరు ఈ నేరంలో కనిపించని భాగస్వామి. ఆయన మీద ఏ కేసూ ఉండదు.

కాలేజీల తప్పు తక్కువేమీ కాదు. అయిదారేళ్లుగా రెండు రాష్ట్రాల్లోనూ బీటెక్‌లో సైబర్ సెక్యూరిటీ పేరుతో ప్రత్యేక బ్రాంచీలు పుట్టుకొచ్చాయి. కౌన్సెలింగ్‌లో సీట్లు నిండుతున్నాయి, ఫీజులు వసూలవుతున్నాయి. నిన్నటిదాకా డీబీఎంఎస్ (డేటాబేస్) పాఠాలు చెప్పిన అధ్యాపకుడి చేతికి ఎథికల్ హ్యాకింగ్ సిలబస్ ఇచ్చి పంపుతున్న చోట్లు ఉన్నాయి. ల్యాబ్‌లో ఎన్‌మ్యాప్ కమాండ్లను నడిపి చూడటం కంటే వాటిని రికార్డు పుస్తకంలో అందమైన చేతిరాతతో ఎక్కించి, స్కేలుతో గీతలు కొట్టి సంతకం పెట్టించుకోవడానికే ఎక్కువ సమయం పోతుంది. కావాలనే లోపాలతో తయారుచేసిన డీవీడబ్ల్యూఏ, మెటాస్ప్లాయిటబుల్ లాంటి సాధన సాఫ్ట్‌వేర్లు ఉచితం. పోర్ట్‌స్విగర్ వాళ్ల వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం. నల్, ఓవాస్ప్ వంటి సంఘాల కార్యకర్తలు హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి డబ్బు తీసుకోకుండా సమావేశాలు పెట్టి నేర్పుతున్నారు. లక్షల ఫీజు కట్టించుకున్న సంస్థలు నేర్పనిది, సెలవు రోజు ఖర్చుపెట్టుకుని వచ్చే ఈ మనుషులు నేర్పడం చూసి యాజమాన్యాలు తలదించుకోవాలి.

ఈలోగా భద్రతా పర్యవేక్షణ కేంద్రాల్లో, అంటే ‘సాక్’ల్లో, ఎల్‌1 అనలిస్టుల పని తగ్గిపోతోంది. (టెండర్ల ఎల్‌1 వేరు, ఇది వేరు. తక్కువ ధరకు దొరికేవాళ్లన్న అర్థం మాత్రం రెంటికీ సరిపోతుంది.) రాత్రి షిఫ్టులో కూర్చుని అలర్టులు వడకట్టే ఆ ఉద్యోగం మెట్లలో మొట్టమొదటిది. ఏఐ ఏజెంటు నిమిషాల్లో వడకడుతుంటే మనిషెందుకని యాజమాన్యాలు అడుగుతున్నాయి. సరే, ఎల్‌1 లేకుండా ఎల్‌2, ఎల్‌3 ఎక్కడినుంచి ఊడిపడతారు? ఏజెంటు పొరబడిన రోజున పొరబడిందని గుర్తించేది ఎవరు? ఇవాళ ఆ పని చేయగలిగిన వాళ్లంతా ఒకప్పుడు రాత్రి షిఫ్టు చేసినవాళ్లు. పదేళ్ల తర్వాత వాళ్లు రిటైరవుతారో, అమెరికా వెళ్తారో తెలియదు. కుర్చీ మాత్రం ఖాళీ అవుతుంది.

చట్టం సంగతి మరీ దారుణం. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా వ్యవస్థలోకి తొంగిచూస్తే నష్టపరిహారం కట్టాలి. దురుద్దేశం తోడైతే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. దురుద్దేశం లేదని నిరూపించుకోవచ్చు కదా అనవచ్చు. నిరూపించుకునేలోగా ల్యాప్‌టాప్, ఫోన్ జప్తవుతాయి, కాలేజీ సస్పెండ్ చేస్తుంది, అమ్మానాన్నలు స్టేషన్ మెట్లెక్కుతారు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్‌ ఐ యాప్ సమాచారం బయటకు పొక్కింది. దాన్ని అమ్మకానికి పెట్టాడన్న ఆరోపణ మీద ఇరవై ఏళ్ల విద్యార్థిని అరెస్టు చేశారు. జనం సమాచారం అమ్ముకోవడం నేరమే, అందులో రెండో మాట లేదు. కానీ చొరబాటుకు కారణం బలహీనమైన, లేదా బయటపడిన పాస్‌వర్డ్ కావచ్చని పోలీసు శాఖే ఒప్పుకుంది. ఆ యాప్‌ను ఎవరు పరీక్షించారు, ఏమని సంతకం పెట్టారు, వారి మీద ఏ చర్య తీసుకున్నారు? ఇది మాత్రం ఎక్కడా వినబడలేదు. అదే లోపాన్ని వేరే విద్యార్థి మంచి మనసుతో కనిపెట్టి ఉంటే నిర్భయంగా చెప్పుకోవడానికి ఎక్కడికి వెళ్లేవాడు? సెర్ట్‌-ఇన్‌కు రాయవచ్చు. అయితే రాసినంత మాత్రాన తన మీద కేసు ఉండదన్న హామీ చట్టంలో లేదు. అమెరికా న్యాయశాఖ 2022 మేలోనే సదుద్దేశ పరిశోధకుల మీద కేసులు పెట్టబోమని విధానంగా ప్రకటించింది. నెదర్లాండ్స్ ప్రభుత్వమైతే తన వ్యవస్థలో లోపం చూపినవారికి, డచ్ ప్రభుత్వాన్ని హ్యాక్ చేస్తే ఈ చెత్త టీషర్టే దక్కిందని రాసి ఉన్న టీషర్టు పంపుతుంది. మన దగ్గర అంత హాస్యం అడగడం అత్యాశే. సమన్లు పంపకపోతే చాలు.

చేయాల్సిన పని పెద్ద పథకాలతో ముడిపడింది కాదు, ఫైళ్లలోనే ఉంది. అప్రెంటిస్‌షిప్ నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. భద్రతా ఆడిట్ టెండరులో ఈ నిబంధన పాటించిన రుజువు అడగడానికి కొత్త చట్టం అవసరం లేదు. ప్రతి ఆడిట్‌లో సీనియర్ పక్కన ఒక ట్రైనీ కూర్చోవాలని, అతని స్టైపెండ్ ఒప్పంద విలువలో విడిగా చూపాలని షరతు పెట్టవచ్చు. నివేదికలో యంత్రం ఎంత చూసింది, మనిషి ఎన్ని గంటలు చూశాడు, ఏయే లాగిన్లతో దేన్ని చేత్తో ప్రయత్నించాడు అన్నది రాయనిదే బిల్లు చెల్లించకూడదు. స్కానర్ ఉమ్మిన పీడీఎఫ్‌ను నివేదికగా ఇచ్చిన సంస్థను జాబితా నుంచి తీసేయాలి, తీసేసినట్టు పేరుతో సహా ప్రకటించాలి. వీటివల్ల ఆడిట్ ధర పెరుగుతుంది. పెరగాలి. ఇప్పుడున్న ధర పరీక్షకు కడుతున్నది కాదు, కాగితానికి కడుతున్నది.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అవి పూర్తిగా అమల్లోకి వచ్చాక సరైన భద్రతా చర్యలు తీసుకోనివారికి 250 కోట్ల దాకా జరిమానా పడవచ్చు. అప్పుడు ఆడిట్ల కోసం పరుగులు మొదలవుతాయి, టెండర్లలో ఎల్‌1 ధరలు ఇంకా దిగజారతాయి. ఆ లోపే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖలు తమ టెండరు పత్రాలను సవరించుకోవాలి. గత మూడేళ్లలో రెండు రాష్ట్రాలు చేయించిన ఆడిట్లలో ఒక్కొక్కదానికి ఎంత చెల్లించారు, ఎన్ని మనిషి గంటలు ఖర్చయ్యాయి, ఎంతమంది ట్రైనీలు పాల్గొన్నారు అన్న లెక్కను శాసనసభల ముందు పెట్టాలి. మంత్రులు పెట్టకపోతే ప్రతిపక్షాలు ప్రశ్నోత్తరాల సమయంలో అడగాలి.